పిలుపుకు ముందరి మౌనం

ఆ పాటలో మూడో చరణం చివర ఒక పిలుపు ఉంది. చనిపోయిన తమ్ముణ్ని అన్న "తమ్ముడా" అని పిలుస్తాడు. సినిమా ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. పాట మాత్రం వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో చావింటి టెంట్ల కింద ఇప్పటికీ మోగుతూనే ఉంది. పాడిన గాయకుడి పేరు చెప్పను. ఆయన గొంతు తెలియని తెలుగిల్లు లేదు, ఆయన ఏడిపించగలడన్న సంగతీ అందరికీ తెలుసు. ఎలా ఏడిపిస్తాడని మాత్రం మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను అడిగాను. హనుమకొండలో డిగ్రీ చదివిన రోజుల్లో డిబేట్ పోటీలు నాకు అంటించిన అలవాటు అది: ఎంత గౌరవించే విషయాన్నైనా ముందు ప్రశ్నగా మార్చి చూడడం.

ఆఖరి సంవత్సరం పోటీలో విషయం, కళ కన్నీరు తెప్పించేది భావంతోనా, నైపుణ్యంతోనా అని. చీటీలో నాకు నైపుణ్యం పక్షం వచ్చింది. చీటీ ఏ పక్షం ఇస్తే దాన్ని నమ్మినట్టు వాదించాలి, నియమం అది. ఆ ఒక్కసారి నటించాల్సిన అవసరం రాలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాట వేగం తగ్గించి, ఆ ఒక్క పిలుపునే మళ్లీ మళ్లీ విన్నాను. విన్నకొద్దీ అందులో ఏడుపు పలచబడి, పనితనం బయటపడసాగింది.

పిలుపుకు ముందున్న మాటను ఆయన తాళం కంటే కాస్త ముందే వదిలేస్తాడు. అక్కడ ఊపిరి తీసుకుంటాడని వినేవాడు ఎదురుచూస్తాడు, ఆయన తీసుకోడు. వాద్యాలన్నీ ఆగిపోయి ఒక్క వయొలిన్ సన్నగా నిలబడుతుంది. ఆ మౌనంలో వినేవాడి ఊపిరే బిగుసుకుంటుంది. ఆ తర్వాత స్వరం కంటే ముందు గాలి వస్తుంది. పెదవులు మైకుకు దాదాపు ఆనుకుని ఉన్నాయని ఆ గాలిని బట్టే తెలుస్తుంది. "మ్ము" మీద, ముక్కులోంచి వచ్చే ఆ నాదం మీద, క్షణం నిలిచి, "డా" దగ్గరికి వచ్చేసరికి ఛాతీలోంచి పలుకుతున్న గొంతును తలలోంచి పలికే సన్నని గొంతులోకి జారనిస్తాడు. జారే చోట గొంతు తెగినట్టు వినిపిస్తుంది. తెగదు. అక్కడ ఆయన బలం తగ్గిస్తాడు. గమకం వేయడు. అలసిన మనిషి చివరి మెట్టు పూర్తిగా ఎక్కలేనట్టు, స్వరాన్ని వెంట్రుకవాసి కిందనే ఉంచుతాడు. ఏడ్చే మనిషి గొంతుకు జరిగేదేదీ ఆయన గొంతుకు జరగడం లేదు. ఏడ్చే మనిషి పక్కన కూర్చున్నవాళ్లకు వినిపించేదంతా మాత్రం మనకు వినిపిస్తోంది.

ఈ మాటలు చెప్పి ఆ పోటీ గెలిచాను. ఆ సంగతి ఇక్కడ ఎందుకంటే, మేం బాపు అని పిలిచే మా నాన్న బతుకులో సగం ఆ పిలుపు మీదే గడిచింది.

బాపు పగలంతా బజారులో మా పెద్దబాపు చీరల దుకాణంలో నిలబడేవాడు. సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో పాడేవాడు. పెళ్లిళ్లు, బారసాలలు, వాటికంటే ఎక్కువగా దినాలు. మా వైపు మనిషి పోయిన పదో రోజున దినం చేస్తారు. ఇంటి ముందు టెంటు, ఫ్లెక్సీ మీద పోయినవారి బొమ్మ, దానికి దండ, వాళ్లకు ఇష్టమైన కూరలు, ఈ మధ్య కాలంలో పాట కూడా. భోజనాలకు ముందు ఇంటివాళ్లంతా ఫొటో ఎదుట కూర్చున్నాక ఒక ఏడుపు పాట పాడాలి. టెంటు కింద ఎవరూ ఏడవకపోతే ఇంటివాళ్లకు చిన్నతనం. పోయిన మనిషికి విలువ లేదన్నట్టు. ఆ పాటకు బాపును పిలిచేవారు. పిలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన మెడ నరాలు తాళ్లలా ఉబ్బేవి, కళ్లు ఎర్రబడేవి, స్వరం పైకి పోయి పోయి చిట్లేది. ఆడవాళ్లు గుండెలు బాదుకునేవారు. ఆ వెనకే బాపు రోజుల తరబడి మిరియాల కషాయం తాగేవాడు. చిన్నప్పుడు ఆ కషాయం కూడా పాటలో భాగమే అనుకునేదాన్ని.

పోయినేడు కషాయం తాగినా గొంతు బొంగురు తగ్గలేదు. హనుమకొండలో ఒక దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ సన్నని గొట్టం ముక్కులోంచి దించి తెర మీద చూపించింది. ముత్యంలా తెల్లగా ఉండాల్సిన రెండు స్వరతంత్రులు వాచి, ఎర్రబడి, అంచుల మీద కాయలు కాసి ఉన్నాయి. ఒకదాని మీద రక్తనాళం ఉబ్బి ఉంది.

"పార పట్టే చేతులకు కాయలు కాస్తాయి చూడండి, అట్లాంటివే. ఈ నరం పగిలిందంటే మాత్రం కష్టం. కొన్నాళ్లు పూర్తి వాయిస్ రెస్ట్. గుసగుస కూడా వద్దు" అందామె.

"దుకాణంల చీరలు సైగలతోని అమ్మాల్నా మేడం?" అన్నాడు బాపు.

"అమ్మండి. పాట ఊసు మాత్రం ఎత్తొద్దు. ఇప్పుడు గట్టిగా పాడితే ఆ తర్వాత మీకు గొంతే మిగలకపోవచ్చు."

ఆటోలో అమ్మ బాపు వైపు తిరిగి, "ఇన్నేండ్లసంది నీ నోరు మూయించుడు నాతోని కాకపాయె. ఇగ మేడం రూపంల దేవుడే వచ్చిండు" అంది. బాపు శబ్దం లేకుండా నవ్వాడు. అప్పటికే మౌనం మొదలుపెట్టాడు.

ఆ మౌనాన్ని ఆయన నిజంగానే పాటించాడు. దుకాణంలో చప్పట్లు కొట్టి గిరాకీని పిలిచేవాడు. "మా తమ్ముడు నోరు మూసినంక గిరాకి మంచిగైంది" అని పెద్దబాపు వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు. రెండోసారి చూపించినప్పుడు వాపు కొంత తీసిందని డాక్టరమ్మ అంది. నిలకడగా ఇలాగే ఉంటే నిదానంగా మాటలు మొదలుపెట్టవచ్చునంది. ఇంట్లో మొదటిసారి కాస్త ఊపిరి ఆడింది.

నాట్ల కాలంలో ఒక పొద్దున కీబోర్డు మామ వచ్చాడు. చుట్టరికం లేకపోయినా ఆయనా బాపూ ఒకరినొకరు బావా అనుకుంటారు. ఆర్కెస్ట్రా పుట్టినప్పటి నుంచి కీబోర్డు ఆయనదే. చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బావా, ప్యాడు తమ్మి పోయిండు. పొలంకాడ పాము ముట్టిందట. దవాఖానకు తెచ్చెటాళ్లకే అయిపోయింది."

వాళ్ల ఆర్కెస్ట్రాలో తాళం వేసే ఎలక్ట్రానిక్ ప్యాడు వాయించేవాడు. పాలంపేట దారిలో ఊరు. ఉన్న కాస్త వరి చూసుకుంటూ, ప్రోగ్రాం ఉన్న రోజున బండి మీద ప్యాడు కట్టుకుని వచ్చేవాడు. బాపు కంటే చాలా చిన్న. బాపు ఆయనను పేరు పెట్టి పిలవగా నేనెన్నడూ వినలేదు, "తమ్మీ" అనేవాడు. పిలుపుకు ముందు తాళం ఆపి, బాపు ముఖం చూసి, మళ్లీ సరైన చోట అందుకునేది ఆయనే.

"ఎప్పుడు?" అన్నాడు బాపు. అన్ని వారాల తర్వాత ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట అది.

దినానికి పాడతానని బాపు అదే రోజు చెప్పాడు. అమ్మ అన్నం గిన్నె దబ్బున దించింది.

"డాక్టరమ్మ ఏమన్నదో యాది లేదా? గొంతు పోతే మల్ల వస్తదా?"

"నా తమ్మి దినానికి నేను పాడకుంటే ఇంకెవడు పాడాలె?"

"పోయి కూసో. పాడుడెందుకు? ఏడ్వు, అందరి లెక్క."

"అందరి లెక్క ఏడ్సుడు నాకు రాదు" అన్నాడు బాపు.

ఇది వాదనతో తెగేది కాదని నాకు అర్థమైంది. ఆయన పాడడం ఖాయమైతే ఎలా పాడాలన్నది మిగిలిన ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు ఉందనుకున్నాను. ఆ గాయకుడు బలం తగ్గించి ఏడిపించాడు. బాపు బలం పెంచి ఏడిపిస్తున్నాడు. గొంతు చిట్లకుండా అదే పిలుపు సాధ్యమని అసలు పాటే రుజువు. బాపు ఒప్పుకున్నాడు. అమ్మ ఒప్పుకోలేదు, కానీ అడ్డం పడలేదు.

మధ్యాహ్నం మామ ఇంటి ముందుగదిలో కూర్చున్నాం. వాళ్ల రిహార్సల్స్ ఎప్పుడూ అక్కడే. బీరువా మీద గుడ్డ కప్పిన పాత క్యాసెట్ డెక్కు ఇంకా ఉంది. మామ పాట మొదలు వాయించాడు. నేను ఫోన్లో అసలు పాట పెట్టాను. రెండూ కలవలేదు. ఫోన్లో గొంతు కీబోర్డు కంటే రెండు మెట్లు కింద ఉంది.

"ఫోన్ల స్లో పెట్టినవా బిడ్డా?" అన్నాడు బాపు.

"లేదు బాపు. ఆయన పాడిందే గక్కడ."

బాపు మామ వైపు చూశాడు. మామ కీబోర్డు మీద లేని దుమ్మును తుడుస్తున్నాడు.

"ఏంది బావా?"

"గా డెక్కు" అన్నాడు మామ, బీరువా వైపు గడ్డం ఎత్తి. "టేపు ఊకె మెల్లగ గుంజుతాందని రిపేరుకిచ్చినం, యాదికున్నదా? ఆ రిపేరాయన మోటరు స్క్రూ తిప్పిండు. అప్పట్సంది గుర్రం లెక్క ఉరికింది. మనం పాటలన్నీ దాంట్లనే నేర్చుకుంటిమి. దాన్ని పట్టే నేను స్కేలు పెట్టిన."

"నీకెప్పుడు తెల్సింది?"

"ఫోన్లల్ల పాటలచ్చినంక."

"మరి చెప్పకపోతివేందిరా?"

"ఏమని చెప్పాలె? నువ్వు పైకి పోతాంటే జనం పడి పడి ఏడ్వవట్టిరి. కిందికి దిగు బావా అంటే దిగుతుంటివా నువ్వు?"

టేపు వేగంగా తిరిగితే గొంతు పైశ్రుతిలో వినిపిస్తుంది. ఆ గాయకుడు తనకు హాయిగా ఉన్నచోట పాడిన పిలుపును మా వాళ్ల డెక్కు పైకి ఎక్కించింది. ఆ ఎత్తులో బాపు గొంతుకు సన్నని గొంతులోకి జారే చోటు మిగల్లేదు. నెట్టడం ఒక్కటే మిగిలింది. టేపు వినిపించిన దానిని బాపు నమ్మాడు. టేపును అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

బాపు ఆ డెక్కు వైపు చూశాడు. "అయితే నేను ఇన్నేండ్లు పోటీ పడ్డది ఆయనతోని కాదన్నట్టు. మోటరుతోని" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది.

తర్వాత నేర్చుకున్నాడు. శ్రుతి దించి, మైకు పెదవుల దగ్గర పెట్టుకుని, నేను చెప్పినట్టల్లా చేశాడు. "ఊపిరి తీసుకోకుంటె పిలుపెట్ల వస్తది?" అని అడిగాడు. "ముందు మాట జల్ది విడిచిపెట్టు బాపు. ఊపిరి నీ దగ్గర్నే మిగుల్తది" అన్నాను. విడిచిపెట్టాడు. మౌనం. గాలి. "తమ్ముడా". గొంతు జారింది, చిట్లలేదు. మామ చేతులు కీబోర్డు మీద నుంచి వాటంతటవే లేచాయి. నొప్పి లేకుండా ఆ పిలుపు మా బాపు నోట రావడం అదే మొదటిసారి. నా ప్రతిపాదన నిలబడిందని అనుకున్నాను.

దినం రోజున అమ్మ కూడా మాతో వచ్చింది. ఊరికి ముందు రెండు వైపులా కొత్తగా నాటిన పొలాలు, మధ్యలో ఒక మడి మాత్రం నాటు పడకుండా నీళ్లతో మిగిలి ఉంది. అది ఎవరిదో అడగలేదు. టెంటు కింద ఫొటో, ఫొటో పక్కన ఆయన ప్యాడు, దాని మీద రెండు కర్రలు, కర్రలకు పసుపు. తాళం ఆ రోజు కీబోర్డులోని యంత్రం వేసింది.

బాపు పాడాడు. మామ ఇంట్లో పాడినట్టే పాడాడు, ఒక్క తప్పు లేదు. ముందు మాటను సరైన చోట వదిలాడు. మౌనం వచ్చింది. ఆ మౌనంలోకి జనరేటర్ మోత వచ్చింది. వెనక వంటకాడ డేగిసలో గరిటె చప్పుడు వచ్చింది. ఎవరో పసిపాపను ఊరుకోబెడుతున్నారు. బాపు పెదవుల దగ్గరి గాలి మైకులోకి వెళ్లి, టెంటు కర్రలకు కట్టిన స్పీకర్లలోంచి ఉత్త బుస్సుమనే శబ్దంగా బయటికి వచ్చింది. ఆ గాయకుడి మౌనం చుట్టూ స్టూడియో గోడలు ఉన్నాయి. నా విశ్లేషణలో నేను గోడలను లెక్కలోకి తీసుకోలేదు.

"తమ్ముడా" అన్న పిలుపు ఎవరికీ తగలకుండా టెంటు దాటి పోయింది.

ముందు వరుసలో ఒక ముసలామె పక్కనామెతో అంది, మెల్లగా అనుకుని గట్టిగానే: "గిదేం పాటనే, పెండ్లిల పాడినట్టు. గొంతుల తడే లేకపాయె."

ప్యాడు తమ్మి భార్య అంతసేపూ తల దించుకునే కూర్చుంది. ఇప్పుడు ఎత్తింది. ఆమె బాపును బావా అంటుంది, భర్తకు అన్న వరుస కాబట్టి.

"బావా, ఆయన కొడుతాంటే గిట్ల పాడకపోతుంటివి గదా" అంది. కోపంగా అనలేదు. "గింత మెల్లగ పాడితే ఆయనకు ఇనవడుతదా?"

బాపు ఆమెను చూశాడు, ప్యాడు మీది కర్రలను చూశాడు. మామ వైపు తిరిగి వేలు పైకి చూపించాడు. శ్రుతి పెంచమనడానికి స్టేజీ మీద వాళ్ల సైగ అది.

"వద్దు బావా" అన్నాడు మామ.

వేలు దిగలేదు. మామ బటన్ నొక్కాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. పాత ఎత్తు, డెక్కు ఇచ్చిన ఎత్తు. నేను లేచాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "కూసో. ఇగ ఆగడు" అంది.

బాపు మూడో చరణం మళ్లీ అందుకున్నాడు. మైకును దూరంగా జరిపాడు. ముందు మాటను మాత్రం నేను చెప్పిన చోటనే వదిలాడు. మౌనం నేను చెప్పినంతసేపే ఉంచాడు. జనరేటర్ అప్పుడూ మోగుతూనే ఉంది, కానీ ఈసారి అందరూ బాపు మెడ వైపే చూస్తున్నారు. పిలుపు దగ్గర ఆయన పాటలోని మాట పలకలేదు.

"తమ్మీ" అన్నాడు.

ఆ ఎత్తులో "ఈ" అన్న అచ్చు పలకకూడదు. నోరు మూసుకుంటుంది, నాలుక పైకి లేస్తుంది, గాలికి దారి సన్నబడి భారమంతా తంత్రుల మీద పడుతుంది. ఆ గాయకుడు అంత ఎత్తులో తన పాటల్లో వేటిలోనూ "ఈ" పలకడు; నేను వెతికి చూశాను. బాపు దాని మీదనే నిలబడ్డాడు. స్వరం పైకి పోయింది, ఒక్క క్షణం ఎన్నడూ లేనంత శుభ్రంగా నిలిచింది, తర్వాత మధ్యలోంచి విడిపోయింది. అది నాకు తెలిసిన చిట్లుడు కాదు. అందులో రెండు శబ్దాలు ఉన్నాయి, ఒకటి గొంతుది, ఒకటి తడిది. ఆ తర్వాత గాలి మాత్రమే వచ్చింది. నోరు ఆ ఆకారంలోనే ఉంది.

టెంటంతా లేచింది. ప్యాడు తమ్మి భార్య ఆ ప్యాడు మీద పడిపోయింది. ముసలామె గుండెలు బాదుకుంది. మగవాళ్లు తువ్వాళ్లు కళ్లకు పెట్టుకున్నారు. మామ కీబోర్డు మీద తల ఆనిస్తే నాలుగైదు స్వరాలు కలిసి మోగి, అలాగే మోగుతూ ఉండిపోయాయి. ఏడవనిది నేనూ అమ్మా మాత్రమే. మేమిద్దరం బాపు తువ్వాలును చూస్తున్నాం. ఆయన దానిలోకి దగ్గి, తీసి చూసుకుని, మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

అందరితో పాటు కూర్చుని అన్నం తిన్నాడు. మింగడం కష్టమైంది. "గిప్పుడు పోయినోని ఆత్మ సల్లవడ్డది" అని ముసలామె వచ్చి ఆయన భుజం తట్టింది. బాపు చేతులు జోడించాడు.

డాక్టరమ్మ తెర మీద చూపించాల్సిన అవసరం లేకపోయింది, అయినా చూపించింది. నరం పగిలింది. రక్తం ఇంకిపోయాక అక్కడ మచ్చ కట్టింది. ఆపరేషన్ చేస్తే మాట కొంత బాగుపడవచ్చు కానీ పాట రాదు అంది. బాపు తల ఊపాడు. ఇప్పుడు ఆయన మాట ఎండుటాకుల మీద నడిచినట్టు ఉంటుంది. దుకాణంలో ఫ్యాను తిరిగితే వినిపించదు. పెద్దబాపు హాస్యాలు మానేశాడు. అది అన్నిటికంటే కష్టంగా ఉందని బాపు ఒకసారి ఎప్పటిలా కాగితం మీద రాయకుండా, చెవి దగ్గరికి వచ్చి నాతో అన్నాడు.

ఆ రోజు టెంటులో ఎవరో ఆ పాటను ఫోన్లో తీశారు. అది చేతులు మారి చుట్టుపక్కల ఊళ్లకు పోయింది. ఆర్కెస్ట్రాను పిలవలేని ఇళ్లలో దినం రోజున ఇప్పుడు దాన్ని స్పీకరుకు కలిపి వినిపిస్తున్నారని మామ చెప్పాడు. ఆ పిలుపు దగ్గర ఎవరూ తట్టుకోలేకపోతున్నారట. మామ అది చెబుతూ నా ముఖంలోకి చూడలేదు.

ఒక మధ్యాహ్నం బాపు టెంటులో తీసిన ఆ పాట పెట్టమని సైగ చేశాడు. పెట్టాను. చరణం మొదలైంది. నా ముఖాన్నే చూస్తూ గాలి గొంతుతో అడిగాడు.

"చెప్పు బిడ్డా. గిది గూడ పనితనమేనా?"

డిబేట్‌లో జవాబు తోచనప్పుడు ప్రశ్ననే సరిచేయమని నేర్పుతారు. అది చేయబుద్ధి కాలేదు.

"మౌనం వరకు పనితనమే బాపు" అన్నాను. "తర్వాతది దెబ్బ."

ఆయన ఒప్పుకున్నట్టు కళ్లు మూశాడు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఆ పాట పెట్టుకుంటాడు. ముందు మాట తాళం కంటే కాస్త ముందే తెగుతుంది, జనరేటర్ మోత వినిపిస్తుంది, టెంటు కింద ఎవరి ఊపిరో బిగుసుకుంటుంది. అక్కడ బాపు బొటనవేలు ఫోను మీద పడుతుంది. పిలుపు దాకా ఎన్నడూ పోనివ్వడు.